ఊరందరికీ నాలుగు టైర్లు

టైరు పక్కగోడ మీద ఏం రాసి ఉందో చదివి కొన్నవాళ్ళను నా సర్వీసు మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. బొటనవేళ్ళు వదిలేసినా సరిపోతుంది. మిగతా జనమంతా టైరును ముందు గోరుతో గిచ్చుతారు, తర్వాత కాలితో తన్నుతారు, ఆపైన "గట్టిదేనా?" అని అడుగుతారు. గట్టిది కాదని చెప్పే షాపు ఎక్కడైనా ఉంటే మీరే వెతికి చెప్పండి, నేనూ వచ్చి చూస్తాను.

నాచారంలో ఒక టైర్ల షాపులో ఇరవై ఆరేళ్ళు కౌంటర్ మీద కూర్చున్నాను. టైర్ల షాపులో ఆడమనిషికి ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. మా కస్టమర్లకూ వచ్చేది. లోపలికొచ్చి, నా తల మీదుగా గోడ వైపు చూసి, ఎవరూ లేరా అని నన్నే అడిగేవారు. నా పని ఏమిటంటే, టైరు చచ్చాక అది ఎందుకు చచ్చిందో రాయడం. పేలిందో ఉబ్బిందో పట్టుకుని ఎవరైనా వస్తే కంపెనీకి పంపే క్లెయిమ్ ఫారం నింపాలి. టైరు మీదున్న అంకెలన్నీ ఎక్కించి, చివర కారణం గడిలో టిక్కు పెట్టాలి. కారణాలు మూడే: ఎక్కువ బరువు, తక్కువ గాలి, డ్రైవరు నిర్లక్ష్యం. తప్పు టైరుదో, అమ్మినవాళ్ళదో అని చెప్పే గడి ఆ ఫారంలో లేదు. ఎంత ముందుచూపుతో అచ్చు వేయించారో చూడండి.

ఆ ఫారాల పుణ్యమా అని నాకు అంకెలు వచ్చాయి. ఇప్పటి పిల్లలు ఫోన్లో నాలుగు వీడియోలు చూసి వచ్చి, టైరు తయారైన వారమూ సంవత్సరమూ వెతుకుతారు, పాల ప్యాకెట్ మీద తారీఖు వెతికినట్టు. వెతకండి, మంచిదే. కానీ అదే గోడ మీద సైజు పక్కన ఇంకో అంకె, ఒక అక్షరం ఉంటాయి. అక్షరం వేగానికి, అంకె బరువుకు. ఆ అంకె కిలోలు కాదు, సంకేతం. వంద అని ఉంటే ఆ టైరు ఎనిమిది వందల కిలోలు మోస్తుంది. నూట ఆరు అని ఉంటే తొమ్మిది వందల యాభై. ఇలా తిప్పి ఎందుకు రాశారని నన్నడక్కండి, నేరుగా రాస్తే అందరికీ అర్థమైపోతుందని భయపడ్డారేమో. పెద్ద కారుకు వంద చాలు. సరుకు మోసే పికప్ బండికి నూట ఆరు కావాలి. తమాషా ఏమిటంటే రెండింటి సైజూ ఒకటే, రెండూ ఒకే రిమ్ముకు ఎక్కుతాయి. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు.

ఇది గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకునే చేసిన తప్పు గురించి చెప్పబోతున్నాను.

మా షాపులో ముఖ్యులు ముగ్గురం. సేట్, ఫిట్టరు, నేను. సేట్ ఎవరికీ కాదని చెప్పలేడు, అందుకే ఆయనకు ఉప్పల్ అంతా స్నేహితులే. ఫిట్టరు నాకంటే రెండేళ్ళు చిన్న. గాలి కొలిచే మీటరు షాపులో ఉన్నా ముట్టుకునేవాడు కాదు. టైరును కాలితో ఒక్క తన్ను తన్ని, కాసేపు కళ్ళు మూసుకుని, "యాభై అయిదున్నది" అనేవాడు. తర్వాత నేను మీటరు పెట్టి చూస్తే నలభయ్యో అరవయ్యో ఉండేది. మీటరు చెడిపోయిందని అతని అభిప్రాయం. ఇరవై ఏళ్ళలో అలా మూడు మీటర్లు చెడిపోయాయి.

ఇక నాలుగు టైర్ల సంగతి. సరుకు బండ్లకు ఎప్పటికప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుందని మీకు తెలుసు. బ్రేకులు, లైట్లు, టైర్లు అన్నీ చూసి కాగితం ఇస్తారు. టైర్లు బోడిగా అరిగిపోతే ఇవ్వరు. అందుకని మా షాపులో ఒక సెట్టు ఉండేది. ఫిట్‌నెస్ రోజు పొద్దున్నే పికప్ వస్తుంది, తన బోడి టైర్లు మా దగ్గర వదిలేసి మా నాలుగూ బిగించుకుని వెళ్తుంది. పరీక్ష పాసై మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. మావి విప్పేసి, తన బోడివి మళ్ళీ తొడుక్కుని, ప్రభుత్వం మెచ్చిన బండిలా దర్జాగా రోడ్డెక్కుతుంది. మా షాపు ఒక్కటే కాదు, చాలా చోట్ల ఈ సేవ ఉండేది. రామంతాపూర్ నుంచి నాగోల్ దాకా ఎన్ని పికప్‌లకు మా సెట్టు పరీక్ష రాసిపెట్టిందో లెక్కలేదు. ఏఎస్ రావు నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు చూసినప్పుడల్లా, అన్నిసార్లు పాసైన మా టైర్లకు ఒక్క బోర్డు కూడా లేదే అని బాధపడేదాన్ని. దసరాకు మాత్రం ముందు వాటికే పసుపూ కుంకుమా.

పాత సెట్టుకు వయసు మీరి గోడలు పగుళ్ళిచ్చాయి. అప్పుడే ఎవరో డాక్టరుగారు తన పెద్ద కారుకు ఇంకా వెడల్పు టైర్లు కావాలని, పెద్దగా అరగని నాలుగు మా దగ్గర వదిలేసి వెళ్ళారు. సెట్టుకు పనికొస్తాయేమో చూడమని సేట్ నాకు చెప్పారు. వంగి చూశాను. సైజు సరిపోయింది. గాడులు లోతుగా ఉన్నాయి. తారీఖు కొత్తదే. సైజు పక్కన వంద అని ఉంది. చదివాను. ఆ షాపులో దాన్ని చదవగల ఒకే ఒక్క మనిషిని నేనే, చదివేశాను కూడా. ఖాళీగా పోయి ఖాళీగా వచ్చే బండికి వందైతేనేం, నూట ఆరైతేనేం అనుకున్నాను. బాగున్నాయని చెప్పాను. ఖాళీగా వెళ్ళాలి, ఖాళీగా రావాలి అనేది సెట్టు నియమం. ఎక్కడా రాసిపెట్టలేదు, అందరికీ తెలుసని అందరం అనుకున్నాం.

ఏడాదిన్నర బాగానే గడిచింది. తర్వాత ఆ డ్రైవరు వచ్చాడు.

జనగామ వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో ఉంటున్నవాడు. బండి తనదే. భార్యా తనూ కలిసి లోడు ఎత్తుకునేవాళ్ళు, కలిసే దించేవాళ్ళు. కూలీలను పెట్టుకోరు. షాపులోకి వస్తే ముందు కౌంటర్ వైపు చూసి, "బాగున్నవా అక్క" అనేవాడు. ఇరవై ఆరేళ్ళలో కౌంటర్ వెనక మనిషి ఉందని కనిపెట్టిన అతికొద్ది మందిలో ఒకడు. చాలా జాగ్రత్తపరుడు. బండి ముందు నిమ్మకాయా మిరపకాయలూ వాడిపోనిచ్చేవాడు కాదు. టైర్లు మాత్రం బోడివి. దసరాకు కొత్తవి వేస్తానని రెండు దసరాల నుంచీ చెబుతున్నాడు.

ఎండాకాలం, పొద్దున తొమ్మిది కాకముందే రోడ్డు కాలిపోతోంది. ఫిట్టరు మా సెట్టు బిగిస్తుంటే నేను గడప దగ్గర నిలబడి చాయ్ తాగుతున్నాను. డ్రైవరు రెండడుగులు వెనక్కి వేసి బండిని చూసుకుని, ఎట్లున్నదక్క అని నన్నడిగాడు. పెండ్లికొడుకు లెక్కున్నదన్నాను. భార్య కూడా నవ్వింది. ముగ్గురం సంతోషంగా విడిపోయాం.

పన్నెండున్నరకు ఇంకో పికప్ వచ్చి సెట్టు కోసం నిలబడింది. ఇతను రాలేదు. ఫిట్టరు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అవతల నుంచి పండగలాంటి గొంతు.

"ఫిట్‌నెస్ అయిపోయిందన్న. సారు టైర్లు జూసి మస్తు ఖుష్ అయిండు. వాపస్ వస్తుంటే చిన్న లోడు తగిలింది, యాభై డబ్బాల టైల్సు. అన్నోజిగూడల దించేసి గంటల వస్త."

టైల్స్ డబ్బా చూడ్డానికి చిన్నది. బరువు ఇరవై అయిదు కిలోలకు పైనే. బండి సొంత బరువు కూడా కలిపితే వెనక ఇరుసు మీద దగ్గర దగ్గర పంతొమ్మిది వందల కిలోలు. డాక్టరుగారి టైర్లు రెండూ కలిసి మోయగలిగింది పదహారు వందలు. ఈ లెక్క వేయడానికి నాకు కాగితం అక్కర్లేదు. పేలిన టైర్ల ఫారాల మీద వందసార్లు వేసిన లెక్కే. ఈసారి బండి ఇంకా నడుస్తోంది, అదొక్కటే తేడా.

ఫోన్ లాక్కుని, బండి పక్కకు ఆపమన్నాను. టైర్ల మీద వంద అని ఉంటుంది, అవి లోడుకు పనికిరావు అన్నాను.

"వంద అంటే స్పీడే గదక్క. నేను అరవై దాటనే దాటను. ఫికర్ జెయ్యకు. బోడుప్పల్ కాడ జాములున్న, పోలీసాయన జూస్తుండు" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడనంత బుద్ధిమంతుడు. అంత బుద్ధిమంతుణ్ణి, పక్కన కూర్చున్న భార్యతో సహా, నేను ఎంచిన టైర్ల మీద ఎక్కించి పంపాను.

సేట్‌కు చెప్పాను. సెట్టుకేమీ కాలేదు కదా అని అడిగారు. నేను ఫిట్టరును బైకు తీయమన్నాను. యాభై ఏడేళ్ళ వయసులో, కొంగు నడుముకు దోపుకుని, అతని బైకు వెనక కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ పరిచయంలో మేమిద్దరం కలిసి వెళ్ళిన మొదటి షికారు అదే.

ఉప్పల్ చౌరస్తా దాటాక ఆ రోడ్డు సంగతి మీకు తెలుసు. ఎప్పటికైనా ఫ్లైఓవర్ అవుతాయని చెప్పుకునే స్తంభాలు, వాటి పక్కన గుంతలు, గుంతల్లో లారీలు. రోజూ ఆ దుమ్ము మింగుతూ తిట్టుకునే రోడ్డును ఆ మధ్యాహ్నం నిజంగా దీవించాను. ఈ గుంతలున్నంతసేపూ అతను ఇరవై కూడా దాటలేడు. రోడ్డు బాగుపడిన చోటే ప్రమాదం. నారపల్లి దగ్గర స్తంభాలు అయిపోతాయి, అక్కడి నుంచి రోడ్డు నున్నగా ఉంటుంది. అంతలోపు పట్టుకోవాలి.

మేడిపల్లి దాటుతుండగా ఫిట్టరు తల తిప్పకుండానే అన్నాడు. "మేడం, గాలి ముప్పయే కొట్టిన. ఖాళీ బండే గదా అని."

సరుకు వేసిన బండికి అందుకు రెట్టింపు దాకా ఉండాలి. ఎక్కువ బరువు, తక్కువ గాలి. నా ఫారంలో మొదటి రెండు గడులూ నిండాయి. మూడో గడిలో పాపం ఆ డ్రైవరును కూర్చోబెడతారు. అది నింపేది కూడా నేనే.

నారపల్లి చివర, రోడ్డు తెరుచుకునే చోట, ముందు అతని బండి కనిపించింది. వెనక భాగం కిందికి దిగిపోయి, ముక్కు పైకెత్తి పోతోంది. ఫిట్టరు ఎలా దూరాడో ఏమో, దాని ముందుకు పోయి బైకు అడ్డం పెట్టాడు. డ్రైవరు రోడ్డు పక్కన చెట్టు నీడకు బండి తీసి, నవ్వుతూ దిగాడు. నన్ను బైకు మీద చూసి అతనికి ముందు నవ్వే వచ్చింది, తప్పేం లేదు.

మళ్ళీ చెప్పాను. ఇవి కారు టైర్లు, వంద అంటే వేగం కాదు బరువు, నీ బండికి నూట ఆరు కావాలి. అతను వినలేదు. వినకుండా ఉండడానికి అతని దగ్గర చాలా మంచి కారణం ఉంది. లోపల భార్య ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో ఆ రోజే ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితం. తీసి నా ముఖం ముందు పెట్టాడు.

"పొద్దుగాలనే సర్కారు జూసి ఫిట్ అని రాసిచ్చిందక్క. నువ్వేమో కాదంటవ్. ఎవల మాట పట్టుకోవాలె నేను?"

చట్టప్రకారం అతనిదే న్యాయం. అరువు టైర్లతో ఆ కాగితం తెప్పించిన షాపు మనిషిని, అది చెల్లదని నడిరోడ్డు మీద వాదిస్తున్నాను. ఇక వాదన ఆపి, అతని చెయ్యి పట్టుకుని వెనక ఎడమ టైరు దగ్గరికి తీసుకెళ్ళాను. గోడ మీద సగం కోసిన నిమ్మకాయ అతికించినంత ఉబ్బు వచ్చి ఉంది. లోపలి దారాలు తెగితే అలా వస్తుంది. ఆ తర్వాత వచ్చేది ఇంకొక్కటే. ఫిట్టరు అలవాటు కొద్దీ తన్నడానికి కాలెత్తాడు. ఎత్తిన కాలు మెల్లగా కింద పెట్టేశాడు.

డ్రైవరు కింద కూర్చుని ఆ ఉబ్బు మీద వేలు ఆనించి వెంటనే తీసేశాడు. కాలిపోతోంది. తర్వాత లేచి, బండి తలుపు తీసి, భార్యతో ఒక్క మాటే అన్నాడు.

"దిగు."

ఆమె కాగితమూ టిఫిన్ డబ్బా పట్టుకుని దిగి, దూరంగా పోయి నిలబడింది.

అప్పుడతను నా వైపు తిరిగాడు. కోపం ఉన్నా బాగుండేది. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"అక్క, ఇయి గిట్లాంటియి అని నీకు ముందుగాల తెల్సా?"

"తెల్సు" అన్నాను.

"మరి ఫిట్టరన్న బిగిస్తుంటే చాయ్ తాక్కుంట జూస్తనే ఉన్నవ్ గదా."

ఇరవై ఆరేళ్ళలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. షాపు మూసేస్తామన్నారు, కోర్టుకు లాగుతామన్నారు. ఏవీ నాకు అంటలేదు. ఇది అంటింది, ఇప్పటికీ పోలేదు. ఖాళీ బండే కదా అనుకున్నానని చెప్పబోయి మానేశాను. అది ఫిట్టరు అప్పటికే చెప్పిన మాట.

నలుగురం కలిసి డబ్బాలు దించడం మొదలుపెట్టాం. నేను మూడు మోశాను. నాలుగోదానికి నడుము పట్టేసింది. ఎనిమిది వందల కిలోలు, తొమ్మిది వందల యాభై అని అన్నేళ్ళు రాశాను కానీ, ఇరవై అయిదు కిలోలు ఎలా ఉంటాయో నాకు ఆ రోజే తెలిసింది. డ్రైవరు భార్య నా చేతిలో డబ్బా తీసుకుని, "మీరు కూసోండ్రి" అంది. మర్యాదగానే అంది. మిగిలినవన్నీ వాళ్ళే దించారు. డ్రైవరు పిలిపించిన వేరే ట్రాలీ బండి వచ్చి సరుకు ఎక్కించుకుపోయింది. ఉబ్బిన టైరు తీసేసి, బండి వెనకున్న స్టెప్నీ వేసి, ఖాళీ బండిని మెల్లగా నాచారం తెచ్చుకున్నారు. అతని బోడి టైర్లు అతనికి బిగించాం. ఆ బోడి టైర్ల మీద అంకె చూశాను. నూట ఆరే. పరీక్షలో ఫెయిలయ్యే టైర్లు సరైనవి, పాసయ్యేవి తప్పుడువి. ఇంతకంటే చక్కటి ఏర్పాటు మేం కావాలని కూర్చుని ఆలోచించినా తట్టేది కాదు.

మర్నాడు సేట్, సెట్టులో మూడే మిగిలాయి, జత కుదిరే నాలుగోది వెతకమన్నారు. వెతకనని చెప్పాను. ఆ మూడింటినీ ఫిట్టరు చేత గోడలు కోయించాను. ఎవరిని అడిగి కోశావని సేట్ గట్టిగానే అడిగారు. ఎవరినీ అడగలేదన్నాను. వారం తిరక్కుండా షాపులో కొత్త సెట్టు వెలిసింది. ఈసారి సేట్ స్వయంగా ఎంచారు, నల్లగా మెరుస్తున్నాయి. నాకింకా మూడేళ్ళ సర్వీసు ఉంది కానీ, ఆరోగ్యం బాగాలేదని మానేశాను. అందరూ నా ఆరోగ్యమే అనుకున్నారు.

మానేసే ముందు చివరి ఫారం ఒకటి నింపాను. ఆ ఉబ్బిన టైరుదే. అంకెలన్నీ ఎక్కించాను. కారణం దగ్గరికి వచ్చేసరికి, డ్రైవరు నిర్లక్ష్యం అనే గడి మీద పెన్ను దానంతటదే ఆగింది. అన్నేళ్ళుగా ఎంత మంది డ్రైవర్ల నెత్తిన ఆ టిక్కు పెట్టానో గుర్తు చేసుకోబోయి, లెక్క అందక మానేశాను. వాళ్ళలో ఎంతమంది వెనక ఎవరు చాయ్ తాగుతూ నిలబడ్డారో ఏ ఫారంలోనూ లేదు. కింద పెన్నుతో నాలుగో గడి గీసి, టైరు ఎంచిన మనిషి తెలిసీ నోరు విప్పకపోవడం అని రాసి, టిక్కు పెట్టి పంపాను. పది రోజులకు తిరిగొచ్చింది. పేర్కొన్న కారణం జాబితాలో లేదు, దయచేసి సరైన గడిలో టిక్కు పెట్టి పంపగలరు అని ఉంది. ఇంట్లో దాచుకున్నాను. నా సర్వీసుకు వచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే.

డ్రైవరు దసరా దాకా ఆగలేదు. ఆ నెలలోనే కొత్త టైర్లు కొన్నాడు. మా షాపులో కాదు, అంత అమాయకుడేం కాదు. ఉప్పల్‌లో ఎక్కడో కౌంటర్ ముందు నిలబడి, టైరు గోడ ఫొటో తీసి నాకు పంపాడు. నూట ఆరు అనే అంకె స్పష్టంగా కనబడేలా దగ్గరగా తీశాడు. కింద ఒక్క వాక్యం:

"ఇప్పుడన్న జెప్పు అక్క."

ఏం బరువు వేస్తావు, ఎంత గాలి పెట్టిస్తావు, స్టెప్నీ మీద ఏ అంకె ఉంది అని ఫోన్ చేసి అడిగాను. అతను చాలని చెప్పేదాకా చెబుతూనే ఉన్నాను. చాలని అతను చాలాసేపు అనలేదు.